మీ బైకుకు ఏ కూలెంట్ పోయాలి? రంగు చూసి కొనకండి

మూడేళ్ల కిందట ఒక మే నెల ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు నా 200 సీసీ బైకు రేడియేటర్ మూత విప్పాను. లోపల పచ్చటి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఉండాలి. ఉన్నవి టీ డికాక్షన్ రంగు నీళ్లు. మూత అడుగున రబ్బరు చుట్టూ జిగటగా గోధుమరంగు ముద్ద పేరుకుంది. రేడియేటర్ నోటి అంచు లోపల చూపుడువేలితో తడిమితే గరుగ్గా తగిలింది. గోటితో గీరితే తెల్లటి పెచ్చులు ఊడివచ్చాయి. మా నల్గొండ వైపు బోరు నీళ్లు కాచే గిన్నెల అడుగున ఇలాంటి పెచ్చులే కడతాయి. అమ్మ వాటిని చింతపండు పెట్టి తోముతుంది. రేడియేటర్ లోపలికి చెయ్యి పోదు కదా, తోమడానికి!

ముందు ఏడాది ఎండాకాలంలో విజయవాడ హైవే మీద టెంపరేచర్ లైటు వెలిగితే దారిలో ఒక మెకానిక్ దగ్గర ఆగాను. "కూలెంట్ అంటే ఏముందన్నా, రంగు నీళ్లే" అంటూ బోరు నీళ్లు నింపి పంపాడు. ఇంటికి రాగానే అవి తీయించేసి ఉంటే సరిపోయేది. నేను ఏడాది అలాగే తిప్పాను. చివరికి వాటర్ పంప్ సీలు పోయింది, రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాలు సగం పూడిపోయాయి. రెండూ మార్చాల్సి వచ్చింది. లీటరు కూలెంట్ కొనడానికి వెనకాడినందుకు దానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. అప్పటి నుంచి నా బైకుకూ, మా తమ్ముళ్ల బైకులకూ కూలెంట్ నేనే ఎంచి, నేనే మారుస్తున్నాను. ఆ పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

1. అసలు మీ బైకుకు కూలెంట్ ఉందా?

ముందు భాగంలో జాలీ పలకలాంటిది కనబడితే అది రేడియేటరే అనుకోకండి. పల్సర్ 220లో కనబడేది ఆయిల్ కూలర్. అందులో తిరిగేది ఇంజిన్ ఆయిలే, దానికి కూలెంట్ అక్కర్లేదు. క్లాసిక్ 350 గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది. కేటీఎం డ్యూక్ 200, 390, పల్సర్ ఎన్‌ఎస్200, డామినార్ 400, యమహా ఆర్15, ఎంటీ-15, హిమాలయన్ 450, ట్రయంఫ్ స్పీడ్ 400 లాంటివి లిక్విడ్ కూల్డ్, అంటే కూలెంట్‌తో చల్లబడే బైకులు. యమహా ఏరాక్స్ 155 స్కూటరే అయినా దానికీ రేడియేటర్ ఉంది. గుర్తు పట్టడం తేలిక: రేడియేటర్‌కు నొక్కి తిప్పే మూత ఉంటుంది, పక్కనో కిందో "లో", "ఫుల్" అనే గీతలతో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది.

2. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవండి

సీటు కింద పడి ఉన్న ఓనర్స్ మాన్యువల్ తీయండి. లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఏ రకం కూలెంట్, నీళ్లతో ఏ పాళ్లలో, మొత్తం ఎంత పడుతుంది, ఎన్నాళ్లకు మార్చాలి. సాధారణంగా "అల్యూమినియం ఇంజిన్లకు పనికొచ్చే, తుప్పు నిరోధకాలున్న ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్" అని ఉంటుంది. ఫలానా ఉత్పత్తి పేరో ప్రమాణం నంబరో ఇచ్చి ఉంటే అదే ఫైనల్. ఈ వ్యాసంలో నేను రాసింది దానికి విరుద్ధంగా అనిపిస్తే మాన్యువల్‌నే నమ్మండి.

3. రంగు పక్కన పెట్టి లేబుల్ చదవండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. "నా బైకులో పచ్చది ఉంది, పచ్చదే ఇవ్వండి" అని షాపులో అడుగుతారు. పచ్చ, నీలం, ఎరుపు, గులాబీ ఇవన్నీ కేవలం డైలు. లీకైతే కంటికి కనిపించడానికీ, తాగే నీళ్లనుకొని ఎవరూ పొరబడకుండా ఉండడానికీ కలుపుతారు. ఏ రంగు ఏ రకానికి అన్న నియమాన్ని కంపెనీలన్నీ పాటించవు. ఒకరి పచ్చ రంగులో ఉన్న మందు ఇంకొకరి గులాబీ రంగులో ఉండవచ్చు.

కూలెంట్‌లో ఉండేవి మూడు: నీళ్లు, గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని రసాయనాలు. వేడిని ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు మోసేది ప్రధానంగా నీళ్లే. గ్లైకాల్ ఆ నీళ్లను గడ్డకట్టనివ్వదు, త్వరగా మరగనివ్వదు. మూడోది పరిమాణంలో చాలా కొంచెం, డబ్బాకూ డబ్బాకూ తేడా అంతా అందులోనే. బైకు ఇంజిన్ హెడ్, రేడియేటర్ అల్యూమినియంవి, పంపు షాఫ్టు, బోల్టులు స్టీలువి. వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. దాన్ని ఆపేది ఈ రసాయనాలే.

వాటిలో ముఖ్యంగా మూడు కుటుంబాలున్నాయి. పాత పద్ధతి ఐఏటీ: సిలికేట్లు, ఫాస్ఫేట్ల లాంటి లవణాలు లోహం మీద వెంటనే పొర కడతాయి, కానీ అవి త్వరగా ఖర్చయిపోతాయి. సుమారు రెండేళ్లే ఆయుష్షు. రెండోది ఓఏటీ: సేంద్రియ ఆమ్లాలతో చేసింది, తుప్పు మొదలయ్యే చోటే పనిచేస్తుంది కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. కార్లలో అయిదేళ్ల దాకా వాడతారు. రెండూ కలిపిన హైబ్రిడ్ హెచ్‌ఓఏటీ.

ఇందులో సిలికేట్ల సంగతి బైకువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. వాటర్ పంప్ లోపల తిరిగే సీలు రెండు నునుపైన ముఖాలు ఒకదానికొకటి ఆనుకొని నడుస్తుంది. కూలెంట్ పాతబడితే సిలికేట్లు విడిపోయి సన్నటి గరుకు రేణువుల్లా మారి ఆ ముఖాలను అరగదీయగలవు. అందుకే జపాన్ కంపెనీలు చాలాకాలంగా సిలికేట్లు వద్దని, ఫాస్ఫేట్లు ఉన్నవి వాడుతూ వచ్చాయి. యూరప్ కంపెనీలది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ నీళ్లు కఠినంగా ఉంటాయి, నీటిలోని కాల్షియంతో ఫాస్ఫేట్ కలిస్తే సున్నపు పెచ్చు కడుతుంది. అందుకని వాళ్లు ఫాస్ఫేట్లు వద్దంటారు. ఇప్పుడు మన సంగతి ఆలోచించండి: జపాన్ రకం కూలెంట్ తెచ్చి అందులో మన బోరు నీళ్లు కలిపితే ఏమవుతుంది? నా రేడియేటర్‌లో చూసిందే అవుతుంది.

కాబట్టి లేబుల్ మీద నేను వెతికేవి ఇవి. మోటార్‌సైకిళ్లకు లేదా అల్యూమినియం ఇంజిన్లకు అని రాసి ఉండాలి. "సిలికేట్ ఫ్రీ" అని ఉంటే మంచిది, ముఖ్యంగా జపాన్ బైకులకు. ఏఎస్‌టీఎం డి 3306, జేఐఎస్ కె 2234 లేదా మన ఐఎస్ 5759 లాంటి ప్రమాణం పేర్కొని ఉండాలి. తయారీ తేదీ ఉండాలి. ఇవేవీ లేకుండా "కూల్", "పవర్" అని పెద్ద అక్షరాలు మాత్రమే ఉన్న డబ్బాను అల్మారాలోనే వదిలేయండి.

కారు కూలెంట్ పోయొచ్చా అని చాలామంది అడుగుతారు. మాన్యువల్ అడిగిన రకమే అయితే, అల్యూమినియానికి సరిపోయేదైతే, పోయొచ్చు. డబ్బా మీద కారు బొమ్మ ఉండడం తప్పేమీ కాదు. లారీలు, పెద్ద డీజిల్ ఇంజిన్ల కోసం చేసిన నైట్రైట్ కూలెంట్లు మాత్రం వద్దు. ఆ రసాయనం డీజిల్ ఇంజిన్ లైనర్ల (సిలిండర్ లోపలి గొట్టాల) కోసం వేసింది, మన బైకుకు దానితో పని లేదు.

4. రెడీమిక్సా, కాన్సంట్రేటా?

రెడీమిక్స్ అంటే నీళ్లు ముందే కలిపినది, నేరుగా పోసేది. ఉదాహరణకు మోటుల్ మోటోకూల్ ఎక్స్‌పర్ట్ ఈ రకం. కాన్సంట్రేట్‌లో నీళ్లు మనం కలపాలి. చాలా బైకులకు మొత్తం లీటరు అటూ ఇటుగా పడుతుంది కాబట్టి మొదటిసారి చేస్తున్నవాళ్లు కళ్లు మూసుకొని రెడీమిక్స్ తీసుకోండి. పాళ్ల టెన్షన్ ఉండదు, నీళ్ల టెన్షన్ అసలే ఉండదు.

షాపులో రెండు డబ్బాలూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడ జాగ్రత్త. "వాడే ముందు నీళ్లు కలపవద్దు" అని ఉంటే రెడీమిక్స్. పాళ్ల పట్టిక ఉంటే కాన్సంట్రేట్. రెడీమిక్స్‌లో మళ్లీ సగం నీళ్లు కలిపి పోసినవాళ్లను చూశాను. అప్పుడు రక్షణ రసాయనాలూ సగమే మిగులుతాయి.

5. నీళ్లు

కాన్సంట్రేట్ కొన్నా, రేడియేటర్ కడగాలన్నా డిస్టిల్డ్ వాటర్ కావాలి. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో "బ్యాటరీ వాటర్" పేరుతో దొరుకుతుంది. సీలు వేసిన బాటిల్ తీసుకోండి. పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, పేరు రెండుసార్లు చదవండి.

నా దగ్గర ఆర్‌ఓ ఫిల్టర్ మనిషి వాడే టీడీఎస్ మీటర్ పెన్ను ఒకటుంది, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపిస్తుంది. మంచి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే సున్నా దగ్గర చూపిస్తుంది. ఇంటి ఆర్‌ఓ నీళ్లలో కొన్ని పదులు చూపిస్తుంది. మా బోరు నీళ్లలో వెయ్యి దాటుతుంది. తాగే నీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం కోరేది 500 లోపు, వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటుంది. అంటే మనిషి తాగగలిగిన నీళ్లు కూడా రేడియేటర్‌కు పనికిరాకపోవచ్చు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయమని కొందరు సలహా ఇస్తారు. వాటిలో ఉప్పు తక్కువే, కానీ ఏసీ కాయిల్ మీది దుమ్ము, లోహపు ఆనవాళ్లు వస్తాయి. ముప్పై, నలభై రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ రిస్కు ఎందుకు?

6. పాళ్లు: చిక్కగా ఉంటే చల్లగా ఉండదు

సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. 1.1 బార్ ఒత్తిడి పట్టే మూత బిగించి ఉంటే 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. "మా దగ్గర ఎండలెక్కువ కదా, కాన్సంట్రేట్ నేరుగా పోస్తే ఇంకా మంచిది" అనుకుంటే మాత్రం పొరపాటు. గ్లైకాల్ నీళ్ల కంటే తక్కువ వేడిని మోస్తుంది. నీళ్లు లేని చిక్కటి గ్లైకాల్‌తో బైకు ఇంకా వేడెక్కుతుంది. విచిత్రం ఏమిటంటే, అది చలికి కూడా పనికిరాదు: నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది.

రెంటచింతల, రామగుండం ఎండల్లో తిరిగేవాళ్లకు గడ్డకట్టే సమస్యే లేదు. లంబసింగి చలి కూడా సున్నా దగ్గర ఆగుతుంది. అందుకని మాన్యువల్ ఒప్పుకుంటే 30 నుంచి 40 శాతం గ్లైకాల్ కూడా మనకు చాలు. వేడి ఇంకాస్త బాగా పోతుంది. నేను మాత్రం సగం సగమే వాడతాను. తుప్పు రసాయనాలు గ్లైకాల్‌తోపాటే వస్తాయి, దాన్ని తగ్గిస్తే అవీ తగ్గుతాయి. మనకు చలి భయం లేకపోయినా తుప్పు భయం ఉంది.

హైదరాబాద్ నుంచి లదాఖ్ వెళ్లేవాళ్లకు సగం సగం తప్పనిసరి అనుకోండి. రాత్రి బయట నిలిపిన బైకులో మామూలు నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, రేడియేటరో ఇంజినో పగలొచ్చు. పైగా అక్కడి ఖార్దుంగ్ లా కనుమ ఎత్తులో నీళ్లు 80 డిగ్రీలు దాటిన కాసేపటికే మరుగుతాయి. అక్కడ ఒత్తిడి నిలిపేది మూత రబ్బరే. ఆ ట్రిప్పుకు ముందు మూత కూడా కొత్తది వేయించండి.

7. ఇప్పుడు లోపల ఏముంది?

పాత కూలెంట్ ఏ రకమో తెలిస్తే, తగ్గినంత అదే రకం పోస్తే చాలు. తెలియకపోతే, సెకండ్ హ్యాండ్ బైకు అయితే, మొత్తం తీసి కడిగి కొత్తది పోయండి. రకాలు కలిస్తే కొన్నిసార్లు జెల్ కడుతుంది. కట్టకపోయినా ఎక్కువకాలం రావాల్సిన కూలెంట్ ఆయుష్షు తగ్గిపోతుంది.

ప్లాస్టిక్ డబ్బాలోది మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు. బండి చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. గోధుమరంగు ఉంటే తుప్పు. పాలు పోసిన కాఫీలా ఉంటే ఆయిల్ కలుస్తోంది, అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే పలచటి పొర) లేదా సీలు సమస్య, కూలెంట్ మార్చినంత మాత్రాన పోదు. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి లేదా రంగు మరక కనిపిస్తే సీలు పోతోందని అర్థం. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. సీలు దాటిన కూలెంట్ బయటికి పోవడానికే దాన్ని పెట్టారు. మూస్తే అది ఆయిల్‌లోకి వెళ్తుంది.

8. మార్చే పద్ధతి

రాత్రంతా నిలిపిన బైకు మీద పొద్దున్నే మొదలుపెట్టండి. వేడి మీద మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది. ఒళ్లు ఘోరంగా కాలుతుంది. ఈ ఒక్క విషయంలో తొందర వద్దే వద్దు.

బండిని నిటారుగా నిలిపి, వాటర్ పంప్ దగ్గరి డ్రెయిన్ బోల్టు కింద వెడల్పాటి గిన్నె పెట్టండి. బోల్టు విప్పితే సన్నగా కారుతుంది. పైన మూత తీయగానే ధార పెరుగుతుంది, గిన్నె కాస్త ముందుకు జరపాలి. ప్లాస్టిక్ డబ్బాను కూడా విప్పి ఖాళీ చేసి కడగండి. పాత బురదంతా దాని అడుగునే దాక్కుంటుంది.

బోల్టు పెట్టి డిస్టిల్డ్ వాటర్ నింపి, ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ తీసేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి. నా బైకుకు నాలుగుసార్లు పట్టింది. మామూలుగా రెండు చాలు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) తెరుచుకునేంత వేడెక్కితేనే ఇంజిన్ లోపలి నీళ్లు కూడా తిరుగుతాయి, అందుకే నడపమన్నాను.

ఎంత కార్చినా ఇంజిన్ మూలల్లో కొంత నీరు మిగిలిపోతుంది. ఆ నీరు కొత్త రెడీమిక్స్‌ను పల్చన చేస్తుంది. అందుకని చివరిసారి కడగడానికి నీళ్ల బదులు కాస్త రెడీమిక్సే పోసి తీసేస్తాను. లీటరు సరిపోయే బైకుకు రెండు లీటర్లు కొనడం అందుకే. కాన్సంట్రేట్ వాడితే లెక్క సులువు: మొత్తం లీటరు పట్టే బైకుకు అర లీటరు కాన్సంట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపల మిగిలినవి కూడా మంచి నీళ్లే కాబట్టి పాళ్లు దాదాపు సరిపోతాయి.

డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. అల్యూమినియం మర చాలా తేలిగ్గా పోతుంది. కూలెంట్‌ను సన్నటి ధారగా, నెమ్మదిగా పోయండి. హోసులను వేళ్లతో నొక్కి వదులుతుంటే బుడగలు బుడుక్ బుడుక్‌మంటూ పైకి వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. కొన్ని బైకుల్లో గాలి తీయడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది. మూత తీసి ఉంచే ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిపి, బండిని అటూ ఇటూ కొద్దిగా వంచండి. వేడెక్కకముందే ఆపేసి, అంచుదాకా నింపి మూత బిగించండి. ప్లాస్టిక్ డబ్బాలో లో, ఫుల్ గీతల మధ్య ఉంచండి. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే కొంచెం తగ్గి ఉంటుంది, మిగిలిన గాలి బయటికి పోయిందన్నమాట. తగ్గినంత మళ్లీ పోసేయండి.

తేదీ, కిలోమీటర్లు, కూలెంట్ పేరు ఒక చీటీ మీద రాసి సీటు కింద అతికించండి. డబ్బా మీద ఎన్నేళ్లని ఉన్నా, నేను రెండేళ్లకే మారుస్తాను.

కూలెంట్ తప్పు కాని సందర్భాలు

అమీర్‌పేట ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి, హైవే ఎక్కగానే సర్దుకుంటే ముందు ఫ్యాన్ చూడండి. ఫ్యూజు, వైరు, ఫ్యాన్ మోటారు, ఆ తర్వాతే కూలెంట్. రేడియేటర్ రెక్కల మధ్య బురద ఎండిపోయి ఉంటే మామూలు పైపు ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ అప్పుడప్పుడు తిరగడం జబ్బు కాదు, దాని పనే అది.

దారిలో నిజంగా కూలెంట్ తగ్గిపోతే బండి ఆపి, నీడన పెట్టి, చల్లారేదాకా ఆగండి. డిస్టిల్డ్ వాటర్ దొరికితే అది, లేదంటే ఆర్‌ఓ నీళ్లు పోసి ఇల్లు చేరండి. వేరే గతి లేక బోరు నీళ్లు పోసినా ఫర్వాలేదు, కానీ ఆ వారంలోనే తీయించి కడిగించండి. లీకుకు పసుపు వేయడం లారీ డ్రైవర్ల పాత చిట్కా. లారీ రేడియేటర్ గొట్టాలకు అది చెల్లిందేమో గానీ, బైకు రేడియేటర్ గొట్టాలు మరీ సన్నవి, లీకుతో పాటు దారీ మూసుకుపోతుంది.

పాత కూలెంట్ ఏం చేయాలి?

ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, చిన్న పిల్లలూ నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతింటాయి. గిన్నెను వాకిట్లో వదిలి ఫోన్ మాట్లాడడానికి వెళ్లకండి. కింద పడిన చుక్కలను నీళ్లు పోసి బాగా కడగండి. టైరు మీద పడితే జారుతుంది, దాన్నీ కడగండి. పాతదాన్ని మురుగు కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయొద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పైన "విషం, పాత కూలెంట్" అని రాసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇవ్వండి. ఇంట్లో గిన్నె వాడి ఉంటే, అది ఇక వంటింట్లోకి వెళ్లకూడదు.